గాజు కొలత

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పాత డైరీలు చూపించమంటారు. చూపిస్తాను. వాళ్లు ఊహించుకున్నంత విశేషం అందులో ఏమీ ఉండదు. హాజరు ఎంత, వాన పడిందా లేదా, తనిఖీకి ఎవరొచ్చారు, ఏ గది కప్పు కురిసింది, అంతే. మొన్న ఒకమ్మాయి ఆ పేజీలు తిప్పుతూ, "మా తరగతిలో ఒక పిల్లకు ఎంత చెప్పినా తెల్లారేసరికి గుర్తుండట్లేదు మేడం. ఏం చేయాలి?" అని అడిగింది. అప్పటికి టీ ఇచ్చి పంపించాను. ఆమెకు ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. వినడానికి అంత బాగుండదు.

నేను 1969లో ఆదిలాబాద్‌లో చేరాను. జిన్నింగ్ మిల్లుల పక్కన బడి. పిల్లల జుట్టులో ఎప్పుడూ దూది పోగులు ఉండేవి. సగం మంది మరాఠీలో ఏడ్చి తెలుగులో నవ్వేవాళ్లు. పదేళ్లు దాటాక బదిలీ మీద ధర్మపురి దారిలో, గోదావరికి ఇవతల ఉన్న ఒక బీడీల ఊరికి వచ్చాను. అక్కడ పుస్తకం తెరిస్తే తంబాకు వాసన. ప్రతి ఇంటి ముందు ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతుండేవాళ్లు. చిన్నపిల్లలు ఇరవై అయిదు బీడీలు లెక్కబెట్టి దారంతో కట్ట కట్టేవాళ్లు. మా బడి పిల్లలకు అంకెలు వచ్చేవంటే సగం గొప్ప ఆ కట్టలదే.

ఆ లెక్క రాని పిల్ల ఒకతె నా మూడో తరగతిలో ఉండేది. వయసుకు తగ్గ ఎదుగుదల లేక చిన్నగా ఉండేది. చిన్న కళ్లు, సన్నటి పై పెదవి, ఎవరిని చూసినా నవ్వు. మాటలు చక్కగా మాట్లాడేది, అందుకే ఎవరూ ఆమెను నమ్మేవాళ్లు కాదు. ఇంత మాట్లాడే పిల్లకు ఎక్కం ఎందుకు రాదు, ఒళ్లు బద్ధకం కాకపోతే అనేవాళ్లు. పెద్దసారు గదికి పోయి చాక్‌పీసులు తెమ్మంటే సంతోషంగా పరుగెత్తేది. కాసేపటికి ఉత్త చేతులతో వచ్చి, నా ముఖం చూసి, తనను ఎందుకు పంపానో నన్నే అడిగేది. సోమవారం దిద్దించిన అక్షరం బుధవారానికి ఉండేది కాదు. ఒకసారి కోపం ఆపుకోలేక, నిన్ననే కదా రాశావు, ఏమైంది అని గట్టిగా అడిగాను.

"నిన్న నా తలకాయల ఉండె పంతులమ్మా. రాత్రి ఎటో పోయింది," అంది. దొంగతనం జరిగిన ఇంటివాళ్లు చెప్పినట్టు చెప్పింది.

మా లెక్కల సారుకు ఆ పిల్ల అంటే చిరాకు. చెడ్డవాడు కాదు. బెత్తం మీద నమ్మకం ఉన్న మనిషి. "గీ పోరిని గొట్టి గొట్టి నా చెయ్యి నొస్తున్నది గని దీనికి ఎక్కం వస్తలేదు. రేపటికెల్లి నా చేతికి తైలం మీరే రాయాలె మేడం," అనేవాడు. స్టాఫ్‌రూంలో అందరూ నవ్వేవాళ్లు. ఆ పిల్ల కూడా దెబ్బలు తిన్న కాసేపటికే ఆయన వెనకే సైకిల్ దాకా పోయి, "సార్, పోయిరా" అని చేయి ఊపేది. అది చూసి మాత్రం ఆయన ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

ఒక సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాను. తల్లి చాట ముందు వంగి కూర్చుని ఉంది. సన్నటి మనిషి. మాట తక్కువ. ఈ పిల్ల తర్వాత రెండుసార్లు కడుపు పోయిందని, మళ్లీ నిలవలేదని తర్వాత తెలిసింది. తండ్రి పత్తి సీజన్‌లో ఆదిలాబాద్ మిల్లులకు పోయి, మిగతా రోజుల్లో ఊళ్లో తిరిగేవాడు. ఇంటి పెత్తనమంతా అతని తల్లిది. పిల్ల ఆమెను బాపమ్మ అనేది. నేను గడపలో అడుగు పెట్టగానే బాపమ్మ ఒక కట్ట తీసి నా ముఖం ముందు పెట్టింది.

"సూడు పంతులమ్మా, ఇరువై అయిదు వెట్టే అంటె ఒకదాంట్ల ఇరువై, ఇంకోదాంట్ల ముప్పై. కార్ఖానాల నా మొకం మీద ఇసిరికొడ్తుండ్రు. మీ బడిల నేర్పేది గిదేనా?"

"పిల్లకు జ్ఞాపకం నిలవడం లేదు అవ్వా."

"బువ్వ దినుడు మంచిగ యాదుంటది దానికి," అంది ఆమె. పిల్ల కిలకిలా నవ్వింది.

అంతలో కల్లు గీసే గౌడు వచ్చి లొట్టి, అంటే కల్లుకుండ, దించాడు. ఆ ఊళ్లో రోజూ ఇంటికే వచ్చి కల్లు పోసిపోయే ఏర్పాటును వాడిక అంటారు. వాడిక లేని ఇల్లు పరువు తక్కువ ఇల్లు. బాపమ్మ తనకు పోసుకోలేదు, కొడుకు కోసం తీసిపెట్టలేదు. మొదటి గ్లాసు కోడలి చేతికిచ్చింది.

"తాగే. పొద్దుందాక తంబాకుల గూసున్నవ్. కడుపుల కాక దిగుతది." నావైపు తిరిగి, "గీ పోరి కడుపుల ఉన్నప్పుడైతె పూటపూటకు పోసిన పంతులమ్మా. పులిసిన కల్లైతె ఇంకా సలువ. ఒద్దు అత్తా, తల తిరుగుతున్నదంటె గుడ నేనే ముక్కు వట్టి తాగిపిచ్చిన. కోడలని తక్కువ జూసినమన్న మాట నాకు రావద్దు గద."

ఆ మాటల్లో గర్వం ఉంది, ప్రేమా ఉంది. నాకు వినడానికి తప్పుగా అనిపించలేదు. ఆ రోజుల్లో ఆ వైపు ఎవరికీ తప్పుగా అనిపించేది కాదు.

ఆ చలికాలం బడిలో వైద్య శిబిరం పెట్టారు. కరీంనగర్ నుంచి ఒక కుర్ర డాక్టర్ వచ్చాడు. పళ్లు, కళ్లు చూసి వరుసగా పంపిస్తున్నవాడు ఈ పిల్ల దగ్గర ఆగిపోయాడు. గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూశాడు. టేపుతో తల చుట్టుకొలత కొలిచాడు. చదువు ఎలా ఉందని అడిగాడు. చెప్పాను. తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏమైనా తాగేదా అని అడిగాడు. బాపమ్మ చెప్పింది చెప్పాను. మా పెద్దసారు, అంటే ప్రధానోపాధ్యాయుడు, నా పక్కనే నిలబడి వింటున్నారు.

"ముక్కు కింద ఉండాల్సిన గాడి ఈ పాపకు లేదు, చూడండి. చదువుకునేటప్పుడు పుస్తకంలో బొమ్మ చూశాను. ఇదే కారణమని తేల్చి చెప్పలేను. పొగాకు దుమ్ము ఉంది, తిండి చాలకపోవడం ఉంది. కానీ కడుపులో మెదడు తయారయ్యే రోజుల్లో తల్లి తాగింది బిడ్డకూ చేరుతుంది. అప్పుడు దెబ్బతింటే నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం ఇలాగే అవుతాయి. ఇది మొండితనం కాదు. కొట్టకండి."

"మందు ఉందా?" అన్నాను.

"లేదు. మీరు చెప్పే తీరు మారాలి. ఒకసారికి ఒకే మాట చెప్పండి. రోజూ ఒకేచోట, ఒకేలా చెప్పండి. నోటితో కన్నా చేతితో నేర్పండి." సంచి సర్దుకుంటూ వెనక్కి తిరిగి మరో మాట అన్నాడు. "ఆ తల్లిని ఏమీ అనవద్దు. ఆమెకు తెలియక జరిగింది. ఇకముందు కడుపుతో ఉండేవాళ్లకు చెప్పండి. మీ చేతిలో ఉన్నది అదే."

ఆ రాత్రి డైరీలో, "కొట్టవద్దన్నారు" అని రాసుకున్నాను. లెక్కల సారుకు చెప్పాను. ఆయన చేతిలోని బెత్తం బల్ల మీద పెట్టి, "జర ముందుగాల చెప్పరాదా ఎవలన్న," అని మాత్రం అన్నాడు. మళ్లీ ఆ పిల్లను ముట్టుకోలేదు.

నేను పద్ధతి మార్చాను. ఆ పిల్లకు గోడ పక్కన ఒకే చోటు కేటాయించాను. చాక్‌పీసులు తెమ్మంటే చేతిలో ఒక చాక్‌పీసు ముక్క పెట్టి పంపేదాన్ని. దాన్ని చూసుకుంటూ పోయి, తీసుకుని వచ్చేది. ఒక్కో అక్షరం వేలితో ఇసుకలో దిద్దించి, అది చేతికి వచ్చేదాకా రెండోదాని జోలికి పోలేదు. ఎండలు ముదిరేసరికి అవ్వ, బాపు, అంటే అమ్మ, నాన్న అనే మాటలు చదివింది. చదివిన ప్రతిసారీ మొదటిసారి చదివినట్టే సంబరపడేది. ఒక్కోసారి అది నిజంగానే ఆమెకు మొదటిసారి.

కట్టల సంగతి కూడా నాకు ఇలాగే తట్టింది. లెక్క తలలో నిలవకపోతే చేతిలో నిలవాలి. సరిగ్గా ఇరవై అయిదు బీడీలున్న కట్ట ఒకటి తీసుకుని, పిల్లల గాజులమ్మే ఆమె దగ్గర ఒక్కో గాజూ తొడిగి చూశాను. ఒక సైజు గాజు బిగుతుగా సరిపోయింది. ఆ గాజు పిల్లకు ఇచ్చి, ఇందులో దూరి జారిపోతే తక్కువ, దూరకపోతే ఎక్కువ, పట్టి నిలిస్తే సరి అని చేతులు పట్టుకుని చేయించాను. బీడీలన్నీ ఒక్క లావున ఉండవు కదా, ఒకటి అటూ ఇటూ అయ్యేది. అది తల్లి సరిచేసేది. వారం తిరక్కుండానే కార్ఖానాలో కట్టలు విసిరికొట్టడం ఆగింది. బాపమ్మ బడి గేటు దాకా వచ్చి నాకు మొక్కజొన్న కంకులు ఇచ్చిపోయింది. తల్లి మాత్రం ఒకరోజు నేను దారిన పోతుంటే లేచి నిలబడింది, అంతే. నా ఉద్యోగంలో నేను గర్వపడ్డ రోజులు కొన్నే ఉన్నాయి. ఆ రోజులు వాటిలో లెక్క.

ఇక మా పెద్దసారు సంగతి. ఆయన నిజాయితీపరుడు. సొంత తమ్ముడు గుడుంబా సారా తాగి తాగి చనిపోయాడు. తాగుడు మాట వస్తే ఆయనకు ఒళ్లు తెలిసేది కాదు. సంవత్సరం చివర తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. తాలూకా నుంచి పెద్దమనుషులు వచ్చారు, మైకు పెట్టారు. పిల్లల చదువు గురించి మాట్లాడాల్సిన పెద్దసారు కల్లు గురించి మొదలుపెట్టారు. ఊరిని తిట్టారు, గౌడులను తిట్టారు. అక్కడితో ఆగలేదు. నా తరగతి వరుసలోంచి ఆ పిల్లను పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు.

"గీ పిల్ల తలకాయ ఎందుకు పనిజేస్తలేదో తెలుసా? తల్లి తాగిన కల్లు! డాక్టర్ సాబ్ నా ముంగట చెప్పిండు. కన్నతల్లే బిడ్డ తలకాయల కల్లు వోసింది!"

చప్పట్లు కొట్టారు. మైకు ముందు నిలబెట్టారని పిల్ల కూడా అందరితో పాటు చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ల వరుసలో కూర్చున్న తల్లి కొంగు తల మీదికి లాక్కుంది. ఆమె పక్కనున్న బాపమ్మ కదల్లేదు. మగవాళ్ల వరుసలో తండ్రి మాత్రం లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. కొడుకు లేడని అతనికి చాలా రోజులుగా ఇంకో పెళ్లి మీద మనసుందని ఊరందరికీ తెలుసు. అతనికి కావలసిన మాట బడి చేతుల మీదుగా దొరికింది.

పది రోజుల్లో కులపంచాయితి పెట్టారు. పిల్ల ఇసుకలో దిద్దుతూ, "మా అవ్వను ఇడ్సిపెడ్తరట" అని చెప్పింది. నేను బడి అయిపోగానే ఎవరూ పిలవకుండానే పోయాను. వాళ్ల కులపోళ్ల రేకుల షెడ్డు అది. పెద్దలు చాపల మీద కూర్చున్నారు. గోడ పొడుగునా కల్లు లొట్లు వరుసగా పెట్టి ఉన్నాయి. పంచాయితి పెట్టించినవాళ్లే కల్లు తేవాలి. తెగినా కలిసినా ఆఖరున అందరూ తాగి లేవాలి. అది అక్కడి రివాజు.

తండ్రి మొదలుపెట్టాడు. "నేను జెప్తలేను. బడి జెప్పింది. పెద్దసారు నిండు సభల జెప్పిండు. పట్నం డాక్టర్ జెప్పిండు. ఇది తాగి నా బిడ్డ తలకాయ ఖరాబ్ జేసింది. గిసొంటి దానితోని నాకు సంసారం వద్దు."

నేను లేచాను. కులపెద్ద చేయి అడ్డం పెట్టాడు. "పంతులమ్మా, సదువు ముచ్చటైతె మీరు జెప్పుండ్రి, ఇంటం. సంసారం ముచ్చట మేం జూసుకుంటం."

"ఇది చదువు ముచ్చటే," అన్నాను. "ఆ డాక్టర్ మాట నేను చెవులారా విన్నాను. కారణం ఇదే అని తేల్చి చెప్పలేనన్నాడు. తల్లిని ఏమీ అనవద్దన్నాడు. ఆమె వద్దు, తల తిరుగుతున్నదన్నా వినకుండా పోసింది ఎవరో అడగండి."

బాపమ్మ దిగ్గున లేచింది. "నేనే వోసిన! సలువకు వోసిన. మా అత్త నాకు వోసింది, నేను దీనికి వోసిన. గదే కల్లు తాగి కంటె నా కొడుకు పుట్టిండు. ఆనికేమైంది?"

"ఏమైందో సూస్తనే ఉన్నం గద," అని వెనకనుంచి ఒక ఆడమనిషి అంది. షెడ్డంతా నవ్వారు. తండ్రి ముఖం మాడిపోయింది. ఆ నవ్వు చూసి, మాట మన వైపు తిరిగిందని ఒక్క నిమిషం ఆశపడ్డాను. అంత తెలివితక్కువగా మళ్లీ ఎప్పుడూ ఆశపడలేదు. నవ్వయ్యాక కులపెద్ద గొంతు సవరించుకుని, మొగుడి మాటకే విలువిచ్చి తెగతెంపులు చేశాడు. పిల్ల తల్లి తన పుట్టింటికి, గోదావరి అవతల లక్సెట్టిపేట వైపు పోవాలి.

అప్పుడు తల్లి మొదటిసారి నోరు తెరిచింది. "నా బిడ్డను తీస్కపోత."

"దాన్ని నేనియ్య," అంది బాపమ్మ. "నాకు కండ్లు ఆనుతలెవ్. పోరి ఇప్పుడు కట్టలు మంచిగ కడ్తుంది."

"దాని బడి?" అన్నాను నేను.

ముసలామె నావైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. "గాజుల వెట్టి సూసుకుంటది గద, ఇగ బడెందుకు పంతులమ్మా? గంతకన్న అది ఏం నేరుస్తది? నువ్వు గదన్న నేర్పినవ్. సల్లగుండు."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు చాలామంది దీవెనలిచ్చారు. ఆ దీవెన ఒక్కటే ఇప్పటికీ ఒంటికి గుచ్చుకుంటుంది. ఆ పిల్ల నిలదొక్కుకోవాలని ఇచ్చిన గాజు ఆమెను బడిలోంచి లాగి చాట ముందు కూర్చోబెట్టింది. పనికిరాని పిల్ల అయి ఉంటే తల్లితో పంపేసేవాళ్లు.

తీర్పు అయ్యాక లొట్లు ముందుకు తెచ్చారు. తెగినవాళ్లిద్దరూ మొదటి గుక్క తాగితేనే మిగతావాళ్లు తాగాలి. మొగుడు గటగటా తాగాడు. తల్లి చేతిలో గ్లాసు పెట్టారు. ఆమె దానివంక చూసింది.

"తాగినవని ఇడ్సిపెడ్తిరి. ఇడ్సిపెట్టినందుకు మల్ల తాగుమంటున్నరా?"

గ్లాసు వంచి నేల మీద పారబోసింది. కులపెద్ద, "సూసిండ్రా పొగరు," అన్నాడు. తర్వాత అందరూ తాగారు.

మర్నాడు పెద్దసారు గదికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. కానీ ఓడిపోవడం ఆయనకు అలవాటు లేదు. "నేను అబద్ధం చెప్పిన్నా మేడం?" అన్నారు.

"లేదు సార్. డాక్టర్ చెప్పిందాంట్లో సగం చెప్పారు."

ఆ ఏడాదే తాగుడు వ్యతిరేక ప్రచారానికి ఆయనకు శాలువా కప్పారు. వాడిక ఏ ఇంటికీ ఆగలేదు. కడుపుతో ఉన్నవాళ్లకు నేను ఇంటింటికీ పోయి చెప్పడం మొదలుపెట్టాను. నన్ను చూడగానే ఆడవాళ్లు మాట మార్చేవాళ్లు. "పంతులమ్మ మాట ఇంటె మొగడు ఇడ్సిపెడ్తడు," అని ఒకామె నవ్వుతూనే అంది. అది అబద్ధం అనడానికి నా దగ్గర రుజువు లేదు.

తొంభైల్లో, నేను కరీంనగర్‌లో పనిచేస్తున్నప్పుడు, ఒక పెళ్లికి పోయి ధర్మపురి బస్టాండ్‌లో కూర్చున్నాను. పక్క బెంచీ మీద ఒక అమ్మాయి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాకే గుర్తుపట్టాను. పెరిగింది కానీ పెద్దగా పెరగలేదు. అయిదారు నెలల కడుపు. పక్కన అత్త. అమ్మాయి నన్ను గుర్తుపట్టలేదు, ఆమె అందరినీ చూసి అలాగే నవ్వుతుంది. బడి పేరు చెప్పి, నేను పంతులమ్మనని చెబితే సంబరంగా తలూపింది.

"బీడీలు చుడుతున్నావా?"

"కట్టలు గడ్త. లెక్క రాది నాకు. గాజుల వెట్టి సూసుకుంట." చేతికున్న ఎర్రగాజు తీసి చూపించింది.

"ఎవరు నేర్పారు?"

కాసేపు ఆలోచించింది. "ఎవలో. మా బాపమ్మ గావచ్చు."

అత్త సంచిలో సీసా ఉంది. తెల్లగా, మూతికి ఆకు కుక్కి. నేను అటు చూడడం గమనించి, "ఈత కల్లు పంతులమ్మా. కడుపుతోని ఉన్నది గద, ఎండల బస్సెక్కుతది, సలువకు," అంది. ఆమె గొంతులో కూడా ప్రేమే ఉంది.

ఉన్న మాట ఉన్నట్టు చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఆ అత్తకు తెలుస్తుంది. రేపు పుట్టే బిడ్డకు ఏదైనా లోపం కనిపిస్తే ఎవరిని అనాలో కూడా తెలిసిపోతుంది. రేకుల షెడ్డు గుర్తొచ్చింది. అందుకని అబద్ధం ఎంచుకున్నాను. "ఈ పిల్ల ఒంటికి కల్లు వేడి చేస్తుందని చిన్నప్పుడే డాక్టర్ చెప్పాడమ్మా. పోయకండి."

ఆమె పగలబడి నవ్వింది. "కల్లు ఏడిజేసుడా! సదువుకున్నోళ్ల ముచ్చట్లు మంచిగుంటయ్." నవ్వుతూనే బస్సు సంగతి కనుక్కోవడానికి లేచి పోయింది.

ఇక ఆ అమ్మాయి ఒక్కతే మిగిలింది. నా చేతి ఆకుపచ్చ గాజు ఒకటి తీసి, ఆమె ఎర్రగాజుల మధ్య తొడిగాను. చేయి పట్టుకుని, గ్లాసు ఎత్తినట్టు పైకి ఎత్తించాను. "కల్లు గ్లాసు ఎత్తితే ఈ పచ్చగాజు కనిపిస్తుంది. కనిపిస్తే కింద పెట్టెయ్యాలి. నీ కడుపులో బిడ్డకు మంచిది కాదు. ఏదీ, ఎత్తు." ఎత్తింది. గాజు చూసుకుంది. కింద పెట్టింది. మళ్లీ చేయించాను. మళ్లీ చేసింది.

జామకాయలామె వచ్చింది. కొనిచ్చాను. ఉప్పుకారం అద్దుకుని ఇష్టంగా తింది. తిన్నాక చేయి దులుపుకుంటూ ఆ గాజు చూసి ఆగింది.

"గీ పచ్చగాజు ఎందుకు దొడిగినవ్ పంతులమ్మా?"

ఆమె చేయి నా చేతిలోకి తీసుకుని మొదటినుంచి చెప్పాను. బస్సు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.